బండిలో అరుగు

మా అమ్మకి 78 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నేల మీద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. బస్సు మెట్టు ఆవిడకి గోడంత ఎత్తు. కానీ ఊళ్ళు చూడాలన్న కోరిక మాత్రం మోకాళ్ళతో పాటు అరగలేదు. మూడేళ్ళ కిందట ఓ రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, "శ్రీశైలం ఇంకొక్కసారి చూపించవే. దార్లో నడుం వాల్చుకునే చోటుంటే చాలు, ఎంతసేపైనా వస్తాను" అంది.

నడుం వాల్చుకునే చోటు. ఆ ఒక్క మాట కోసం నేను పడిన పాట్లు, నేర్చుకున్న సంగతులు ఈ పూట మీతో పంచుకుంటాను. చిన్న వ్యానులో సీటు మార్చడమంటే బట్ట మార్చినంత తేలికని నేనూ అనుకున్నదాన్నే. కాదు. ఆ సీటు మీద మనకి కావలసిన మనిషి కూర్చుంటుంది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. సెలవులుంటాయి, బండి నడపడం వచ్చు. వెతికి వెతికి ఒక పాత మారుతీ ఓమ్నీ కొన్నాను. ఓమ్నీ మీకందరికీ తెలిసిన బండే. 1984లో మారుతీ వ్యాను పేరుతో వచ్చింది. బడి పిల్లల్ని మోసింది, రోగుల్ని మోసింది, పెళ్ళివారిని మోసింది. 796 సీసీల చిన్న ఇంజను, పదకొండడుగుల పొడవు. కొత్త భద్రతా నిబంధనలకు ఆ పాత నిర్మాణం సరిపోకపోవడంతో 2019లో తయారీ ఆపేశారు. ముందు భాగం పొట్టి కాబట్టి డ్రైవరు కాళ్ళకూ ఎదుటి బండికీ మధ్య అడ్డు తక్కువ. ఆ సంగతి తెలిసే కొన్నాను, తెలిసే నెమ్మదిగా నడుపుతాను. అమ్మకి కావలసిన రెండు గుణాలు దానికి ఉన్నాయి. నేల కిందకి ఉంటుంది. పక్క తలుపు పక్కకి జరుగుతుంది. తలుపు పూర్తిగా జరిపితే ఇంటి గుమ్మంలా ఖాళీ దొరుకుతుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఆ గుమ్మం ఎంత వరమో ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

నేను కొన్న బండికి వెనక సీటు లేదు. అంతకు ముందాయన పాల క్యాన్లు వేసుకునేవాడు. సీటు ఎప్పుడో తీసి పక్కన పడేశాడు, అది ఏమైందో ఆయనకే గుర్తు లేదు. వెనక అంతా బోసి రేకు. నాకది అదృష్టంలా కనిపించింది. ఖాళీ జాగా కదా, మనకి కావలసినట్టు బల్ల కట్టించుకుందాం అనుకున్నాను. ఒక చోట ఇచ్చి చేయించాను. పొడుగాటి చెక్కపెట్టె, మీద అయిదంగుళాల స్పాంజి, దాని మీద మెరిసే మెరూన్ రంగు రెగ్జిన్. పగలు కూర్చోవచ్చు, రాత్రి పడుకోవచ్చు, మూత ఎత్తితే సామాను పెట్టుకోవచ్చు. చూడముచ్చటగా ఉంది. అమ్మ చేత్తో తడిమి, "మెత్తగా ఉందే" అంది.

మొదటి ప్రయాణం కోటప్పకొండకి. అమ్మ ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. అలా కూర్చోవడం ఆ రోజు దైవికం. వెనక బల్ల మీద ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, అన్నం క్యారియరు, దిండ్లు. నరసరావుపేట దాటాక ఒక గేదె రోడ్డు మీదకొచ్చింది. నలభైలో వెళుతున్నాను. బ్రేకు తొక్కాను. గేదెకేమీ కాలేదు. కానీ వెనక నుంచి ధడేలుమని చప్పుడు. బల్ల మొత్తం, మీద ఉన్న నీళ్ళతో సహా, ముందుకొచ్చి అమ్మ సీటు వీపుని గుద్దింది. అమ్మ భుజం నొచ్చుకుంది. "ఏం కాలేదులే" అంటూనే ఉంది, చెయ్యి మాత్రం భుజం మీద నుంచి తియ్యలేదు.

బండి పక్కకి ఆపి వెనక చూశాను. బల్ల కాళ్ళకి ఎల్ ఆకారపు బద్దలు పెట్టి, చెక్కకి కొట్టే మరమేకులే నేల రేకుకీ బిగించారు. బండి నేల రేకు మందం ఎంత? మిల్లీమీటరు అటూ ఇటూ. అంత పల్చటి రేకులో మరమేకు పట్టు ఒకటి రెండు చుట్లు మాత్రమే. నాలుగూ రేకుని చీల్చుకుని బయటికొచ్చాయి. నాలుగు చిన్న చిల్లులు, అంచులు పైకి లేచి, బియ్యం డబ్బా మూతకి మేకుతో పొడిచినట్టు ఉన్నాయి. చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాను. ఆ బల్ల మీద అమ్మని కూర్చోబెడదామనే కదా ఇదంతా చేయించింది.

క్లాసులో ఏటా చెప్పే లెక్క అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. మీరూ వినండి. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు 14 మీటర్లకి కాస్త తక్కువ. ఒక వస్తువుకి ఆ వేగం రావాలంటే పది మీటర్ల ఎత్తు నుంచి కింద పడాలి. అంటే మూడంతస్తుల మేడ. యాభైలో వెళ్ళే బండి దేన్నైనా గుద్దుకుని ఆగిపోతే, లోపల కట్టి లేని మనిషికి గానీ పెట్టెకి గానీ జరిగేది మూడంతస్తుల మేడ మీద నుంచి పడితే జరిగేదే. బండి ఆగుతుంది, లోపలి వస్తువు ఆగదు. దాన్ని ఆపేది ఏమిటన్నదే ప్రశ్న. సీటు బెల్టా, బోల్టా, ముందు కూర్చున్న మనిషి వీపా?

అమ్మకి ఇది చెబితే వేరే మాట చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు గూడుబండి కట్టించి, లోపల మందంగా గడ్డి పరిపించి, గడ్డి మీద జంపఖానా వేయించి, పిల్లల్ని పడుకోబెట్టి ఇదే కోటప్పకొండ తిరునాళ్ళకి తీసుకొచ్చేవారట. "రాత్రంతా పడుకునే వచ్చేవాళ్ళం. ఒక్కరికైనా దెబ్బ తగిలిందా? నువ్వు చెప్పే బెల్టులవీ అప్పుడెక్కడున్నాయి?" అంది.

న్యాయమైన ప్రశ్న. నిజానికి మన క్యాంపరు బండి అదే. పగలు కూర్చునేది, రాత్రి పడుకునేది, దారిలో వండుకుని తినేది. మేడారం జాతరకి కూడా జనం అలా ఎడ్లబండ్ల మీదే వెళ్ళేవారు. కాకపోతే ఎద్దుల బండి గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది. ఆ వేగానికి అదే లెక్క వేస్తే వచ్చే ఎత్తు ఆరు సెంటీమీటర్లు. పీట మీద నుంచి కాలు జారినంత. ఆ గడ్డి పక్క ఆ వేగానికి సరిపోయింది. దాన్ని తెచ్చి యాభైలో వెళ్ళే బండిలో పరిస్తే సరిపోదు. అందుకే చిన్న వ్యానులో సీట్ల సంగతి రెండుగా చూసుకోవాలని నాకు ఆ రోజు అర్థమైంది. బండి నడుస్తున్నప్పుడు కూర్చునేది సీటు. బండి ఆగాక వాల్చుకునేది పక్క. రెండింటికీ ఒకే చెక్క వాడుకోవచ్చు గానీ, పక్కని సీటని మాత్రం అనుకోకూడదు.

కారుని ఇల్లు చేసుకోవడం పశ్చిమ జర్మనీలో ఎలా మొదలైందో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఫోక్స్‌వాగన్ వ్యానుకి తొలి బొమ్మ గీసింది బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి, 1947లో. తన నోటు పుస్తకంలో పెట్టెలాంటి ఒక బండి గీసుకున్నాడు. 1950లో ఆ వ్యాన్ల తయారీ మొదలైంది. మరుసటి ఏడే వెస్ట్‌ఫాలియా అనే బండ్ల కంపెనీ దానికోసం ఒక పెట్టె చేసింది. క్యాంపింగ్ బాక్స్ అన్నారు. వారమంతా వ్యాను సరుకు మోసేది. సెలవు రోజున ఆ పెట్టె ఎక్కిస్తే అది కూర్చునే బల్ల, పడుకునే మంచం, సామాను అర అయ్యేది. పని కాగానే దించేసేవారు. యుద్ధంలో అంతా పోగొట్టుకున్న మధ్యతరగతి జనానికి రెండు బండ్లు కొనే తాహతు ఎక్కడిది? ఉన్న ఒక్క బండే రెండు పనులూ చెయ్యాలి. ఆ అవసరంలో నుంచి పుట్టిన తెలివి అది. మనకీ సరిగ్గా సరిపోతుంది.

తర్వాత తర్వాత ఐరోపా బండ్లలో ముందు సీట్లు గుండ్రంగా వెనక్కి తిప్పుకునే ఏర్పాటు వచ్చింది. బండి ఆపి డ్రైవరు సీటుని వెనక్కి తిప్పితే అది ముందుగది కుర్చీ అయిపోతుంది. చూసి నేనూ ముచ్చటపడ్డాను. కానీ ఓమ్నీలో అది కుదరదు. ఓమ్నీ ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటు ఎత్తితేనే మెకానిక్కు చెయ్యి పెట్టగలడు. అంటే ఆ సీటు ఇంజనుకి మూత కూడా. ఎవరైనా తిప్పుడు చట్రం పెడతామంటే ఒప్పుకోకండి. ఓమ్నీకి మూలమైన సుజుకీ క్యారీ పుట్టిన జపానులో ఇలాంటి బుల్లి వ్యాన్లనే ఇళ్ళుగా మార్చుకుని తిరిగేవాళ్ళు చాలామంది. అక్కడి చిన్న బండ్లకి చట్టం పెట్టిన హద్దు 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు. ఆ కొలతలోనే మనిషి పడుకునే చోటు తీస్తారు. కాబట్టి మన బండి చిన్నదని బెంగ పడక్కర్లేదు.

ఇక కోటప్పకొండ నుంచి వచ్చాక ఏం చేశానో చెబుతాను.

విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళాను. లారీ బాడీలు కట్టేవాళ్ళు, కమాను కట్టలు సరిచేసేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, పాత సామాను అమ్మేవాళ్ళు వీధులు వీధులుగా ఉంటారు. రెండు రోజులు తిరిగితే ఒక పాత సామాను కొట్టులో ఓమ్నీ వెనక బెంచి దొరికింది. కంపెనీ బెంచి, వీపు ముందుకు మడతపడే రకం. రెగ్జిన్ చిరిగిపోయి స్పాంజి పిండిలా రాలుతోంది, కానీ ఇనుప చట్రం గట్టిగా ఉంది. ఎక్కడా వెల్డింగు అతుకు లేదు. నాకు కావలసింది ఆ చట్రమే. కంపెనీ వాళ్ళు బండి నేలలో ఎక్కడ మరలు వేసి పెట్టారో, వెనక నుంచి ఎక్కడ బలమైన పలక అతికారో, ఆ చోట్లలోనే అది కూర్చుంటుంది. పాల క్యాన్ల మట్టి గోకి చూస్తే ఆ రంధ్రాలు పదిలంగా ఉన్నాయి. బెల్టు బిగించే రంధ్రాలూ ఉన్నాయి.

బెల్టు బోల్టు గురించి ఒక మాట. ప్రపంచంలో చాలా కార్లలో సీటు బెల్టు బోల్టు 7/16 అంగుళాల సన్నమర బోల్టు. మిల్లీమీటరు బోల్టుల మధ్య అదొక్కటే అంగుళాల లెక్కలో ఉంటుంది. హార్డ్‌వేరు షాపులో దొరికే మామూలు బోల్టు చూడ్డానికి దగ్గరగా ఉంటుంది, కొంచెం బలవంతం చేస్తే ఎక్కుతుంది కూడా. ఎక్కించారో, లోపలి మర పోయినట్టే. పాతదైనా సరే, బెల్టుతో పాటు వచ్చిన బోల్టే వాడాలి. కొత్తగా చిల్లు వెయ్యడం గురించి ఎవరైనా అంటే, ముందు బండి కిందకి దూరి చూడండి. పెట్రోలు గొట్టం, బ్రేకు పైపు, హ్యాండుబ్రేకు తీగ అన్నీ ఆ రేకు కిందే పోతాయి.

సీటు తిరిగి పెట్టడానికి ఇంకో కారణం చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. సీట్ల సంఖ్య ఆర్సీలో ఉంటుంది. పాలవాడు తీసేసినప్పుడే నా బండి ఆర్సీతో తప్పింది, బెంచి బిగించాక మళ్ళీ దారికొచ్చింది. మీరెవరైనా సీట్లు తీసేసి పూర్తిగా ఇల్లు కట్టుకోవాలనుకుంటే, వడ్రంగి దగ్గరికి వెళ్ళే ముందు రవాణా శాఖ ఆఫీసుకి వెళ్ళి అడగండి.

చట్రం దొరికింది. ఇక కూర్చునే మెత్త. ఇక్కడ నాకు గురువు దొరికాడు.

ఆటోనగర్‌లోనే చిన్న షెడ్డు. కుట్టుమిషను, కత్తెర, గోడకి ఆనించిన స్పాంజి పలకలు. నలభై ఏళ్ళుగా లారీ సీట్లు కుడుతున్న మేస్త్రి. నేను వెళ్ళగానే చెయ్యి పెట్టి స్పాంజి నొక్కి చూస్తున్నాను. "మేడం, నొక్కి చూడకండి. నొక్కితే అన్నీ మెత్తగానే ఉంటాయి. పెద్దమ్మ గార్ని తీసుకురండి. పదిహేను నిమిషాలు కూర్చోవాలి" అన్నాడు. మర్నాడు అమ్మని తీసుకెళ్ళాను. మూడు రకాల పలకలు వరసగా బల్ల మీద వేశాడు. ఒక్కొక్క దాని మీద కూర్చోబెట్టి, తను వెళ్ళి వేరే పని చూసుకుని వచ్చి, "ఇప్పుడు లేవండమ్మా" అనేవాడు. కూర్చోవడం ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. లేవడమే చూశాడు.

అన్నిటికంటే మెత్తటి దాని మీద నుంచి అమ్మ లేవలేకపోయింది. చేతులు ఆనిస్తే చేతులూ దిగిపోయాయి. గట్టి దాని మీద నుంచి ఒక్క ఊపులో లేచింది. "మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ముందు అంచు గట్టిగా ఉండాలమ్మా. నడుం కింద ఎలా ఉన్నా తొడ కింద దిగకూడదు. దిగితే మోకాలి మీద బరువు పడుతుంది" అన్నాడు. తర్వాత టేపు తీసుకుని అమ్మ నడుం వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచాడు. 17 అంగుళాలు. అందులో రెండు తీసేసి 15 అని గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. కూర్చునే లోతు మోకాలి మడత దాకా ఉంటే అంచు పిక్కకి ఒత్తుకుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయట. పొట్టివాళ్ళు వీపు ఆనించాలని వెనక్కి జరిగితే కాళ్ళు గాల్లో వేలాడతాయి. అందుకే వీపు వైపు మందం పెంచి లోతు తగ్గించాడు. మనిషిని కొలిచి జాకెట్టు కుడతారని తెలుసు, సీటు కూడా అలాగే కుట్టాలని నేను అప్పుడే చూశాను.

స్పాంజి కొనేటప్పుడు 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు. చాలామంది అది గట్టితనం అనుకుంటారు. కాదు. ఒక ఘనపు మీటరు స్పాంజి బరువు 40 కిలోలుంటే అది 40 డెన్సిటీ. గట్టితనం వేరే గుణం. బరువు ఎక్కువుంటే ఎక్కువ కాలం కుంగకుండా ఉంటుంది. అంగట్లో 40 అని చెప్పి తక్కువది అంటగడితే కంటికి తెలియదు, తూకానికి తెలుస్తుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం పలక అనుకోండి. మూడు ఘనపుటడుగులు. నిజంగా 40 అయితే మూడు కిలోల నాలుగు వందల గ్రాములు తూగాలి. రెండున్నర కిలోలు కూడా తూగకపోతే అది 30 కూడా కాదు. పక్కన కిరాణా కొట్లో తూకం వేసుకోవచ్చు. నేను వేశాను. సరిగ్గా తూగింది. మేస్త్రి నొచ్చుకోలేదు, "అందరూ ఇలా వేస్తే మాకే మంచిది" అన్నాడు.

మందం దగ్గర ఇంకో లెక్క ఉంది. బెంచి వీపు ముందుకి మడిస్తే నేల నుంచి 13 అంగుళాల ఎత్తున చదునైన పక్క వస్తుంది. మా బండిలో నేల నుంచి కప్పుకి 44 అంగుళాలు. మిగిలేది 31. కూర్చున్న అమ్మ నడుం కింద నుంచి నడినెత్తికి 27, ఇప్పుడు వీపు కాస్త వంగింది కదా. పాత బల్ల మీద లాగా అయిదంగుళాల స్పాంజి వేస్తే 26 మిగులుతుంది. రాత్రి మాత్ర వేసుకోవడానికి లేచి కూర్చుంటే తల కప్పుకి కొట్టుకుంటుంది. మూడంగుళాలు వేస్తే ఒక్క అంగుళం చోటు. ఆ ఒక్క అంగుళం కోసం మూడంగుళాల్లోనే సుఖం ఉండేట్టు చెయ్యమన్నాను. కింద ఒకటిన్నర అంగుళం రీబాండెడ్ వేశాడు. స్పాంజి తుక్కుని అతికి అచ్చుపోసిన గట్టి పలక అది, బరువుకి దిగదు. పైన ఒకటిన్నర 40 డెన్సిటీ. అంతే.

పైగుడ్డ రెగ్జిన్ వద్దన్నాను. రెగ్జిన్ అనేది అసలు ఇంగ్లండులో ఒక కంపెనీ పేరు. గుడ్డకి పూత పూసి తోలులా చేసేవారు. కంపెనీ పేరే మన నోట్లో వస్తువు పేరుగా నిలిచిపోయింది. ఇప్పుడు మనం ఆ పేరుతో కొనేది ఎక్కువగా పీవీసీ పూత గుడ్డ. తుడిస్తే పోతుంది, తడి లోపలికి పోదు, నిజమే. కానీ మన ఎండల్లో రెండు గంటలు బండి బయట నిలబెట్టి దాని మీద కూర్చోవాలంటే పెనం మీద కూర్చున్నట్టే. చెమటకి ఒంటికి అతుక్కుంటుంది. అందుకని అడుగున, పక్కల మాత్రం రెగ్జిన్ వేయించి, ఒంటికి తగిలే పైభాగానికి వరంగల్ జంపఖానా వేయించాను. మందమైన నూలు నేత, చెమట పీల్చుకుంటుంది, ఉతికితే ఇంకా మెత్తబడుతుంది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తాతగారి గూడుబండిలో గడ్డి మీద పరిచింది జంపఖానాయే కదా అని అమ్మ మురిసిపోయింది.

కుట్టు దగ్గర మేస్త్రి చూపించిన రెండు కిటుకులు చెప్పకుండా ఉండలేను. రెగ్జిన్‌కి కుట్లు మరీ దగ్గర దగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటాం. తపాలా బిళ్ళల మధ్య చిల్లులుంటాయి చూశారా, లాగితే చిల్లుల వెంట చిరుగుతుంది. ఇదీ అంతే. కాస్త ఎడంగా కుట్టాలి. రెండోది, తొడుగు కంటే స్పాంజి అన్ని వైపులా అర అంగుళం పెద్దగా కోస్తారు, బిగువుగా నిండాలని. మరి పెద్దదాన్ని చిన్న తొడుగులోకి ఎలా దూర్చడం? గరుకు గుడ్డకి స్పాంజి పట్టేసి జరగదు. ఆయన ఒక పల్చటి పాలిథీన్ సంచీ తెచ్చి స్పాంజికి తొడిగాడు. మోకాలితో అదిమి గాలి తీశాడు. పలక సగమైంది. అలాగే తొడుగులోకి జార్చి, మూలలు చేత్తో సర్ది, పాలిథీన్ సర్రున లాగేశాడు. స్పాంజి ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బి మూలలు మూలలు నిండిపోయాయి. అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

బెంచి వెనక డిక్కీలో ఒక చెక్కపెట్టె కూడా చేయించాను, ఆలోచన వెస్ట్‌ఫాలియా వాళ్ళదే. 13 అంగుళాల ఎత్తు, 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 గుర్తు చూసి తీసుకున్నది. బెంచి మడిచాక రెండూ ఒకే ఎత్తులో కలిసిపోతాయి. మూతకి అంగుళం వెడల్పు చిల్లులు వరసగా వేయించాను, మనిషి ఒంటి ఆవిరి స్పాంజి అడుగుకి చేరి బూజు పట్టకుండా. లారీల వాళ్ళు సరుకు కట్టే రాట్చెట్ పట్టీలతో పెట్టె నేలకి కట్టేసి ఉంటుంది. బండి నడుస్తుండగా దాని మీద మనిషి కాదు, మరచెంబు కూడా ఉండదు. వంట బండి బయటే. స్పాంజికి నిప్పంటుకుంటే క్షణాల్లో పాకుతుంది, దాని పొగ కొద్దిసేపట్లోనే మనిషిని పడగొట్టేస్తుంది. తలుపు దగ్గర స్టవ్ పెట్టుకుంటే ఏమవుతుందిలే అనుకోకండి.

అరుగు గురించి చెప్పాలి. బండి ఆగాక పక్క తలుపు పూర్తిగా జరిపి, అమ్మ బెంచి చివరికి జరిగి బయటికి తిరిగి కూర్చుంటుంది. నేల మీద నుంచి ఆ సీటు ఎత్తు 29 అంగుళాలు, కాళ్ళు అందవు. పన్నెండంగుళాల పీట ఒకటి చేయించాను, కాళ్ళకి రబ్బరు తొడుగులు వేయించి. దాని మీద పాదాలు పెట్టుకుంటే మిగిలిన ఎత్తు 17, సరిగ్గా కుర్చీ ఎత్తు. నాలుగు రోజుల తర్వాత అమ్మ అంది, "ఇది మా ఇంటి అరుగే. వీధిలో పోయేవాళ్ళని పలకరించేలా ఉంది." నిజంగానే పలకరిస్తుంది. టీ బడ్డీ దగ్గర ఆపితే నేను టీ తెచ్చేలోపు ఆ ఊళ్ళో ఎవరి కూతురు ఎక్కడుందో ఆవిడకి తెలిసిపోతుంది.

ఒక్క దాని మీద మాత్రం మా ఇద్దరికీ చాలా రోజులు పడలేదు. బండి నడుస్తుండగా పడుకుంటానంటుంది. "పక్క ఉంది, దిండు ఉంది, నడుం నొప్పి ఉంది, ఎందుకు పడుకోకూడదు?" నా దగ్గర లెక్కలున్నాయి. ఆవిడ దగ్గర నొప్పి ఉంది. నొప్పితో లెక్క గెలవదు. చివరికి మేం కుదుర్చుకున్నది ఇది. గంటకోసారి బండి ఆపుతాను. ఎక్కడ నీడ ఉంటే అక్కడ. బెంచి మడిచి పక్క వేస్తాను, ఇరవై నిమిషాలు నడుం వాలుస్తుంది. మళ్ళీ లేచి, సీటు నిలబెట్టి, బెల్టు పెట్టుకున్నాకే బండి కదులుతుంది. వెనక కూర్చున్నవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలని నిబంధనే ఉంది, పెట్టుకోకపోతే 194బి సెక్షను కింద వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. కానీ అమ్మ ఒప్పుకున్నది జరిమానాకి భయపడి కాదు. కోటప్పకొండ దారిలో రేకుకి పడ్డ ఆ నాలుగు చిల్లులు ఓ రోజు ఆవిడకి చూపించాను. వేలు పెట్టి తడిమి చూసింది. ఏమీ అనలేదు.

నిరుడు శీతాకాలంలో శ్రీశైలం వెళ్ళాం. గంటకోసారి ఆగుతూ వెళితే వినుకొండ దాటేసరికే పొద్దు వాలింది. దోర్నాల చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. నల్లమలలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ దారి మూసేస్తారు, అడవిలో జంతువులు తిరగడానికి. గేటు దగ్గర మాతో పాటు నాలుగైదు కార్లు, ఒక టెంపో ఆగిపోయాయి. కార్లలో వాళ్ళు సీట్లలోనే ఒరిగి, మెడలు పట్టేసి, అటూ ఇటూ కదులుతున్నారు. నేను బెంచి మడిచి, పెట్టె మూతకి కలిపి, మీద మూడంగుళాల మెత్తలు పరిచాను. మీద అమ్మ పాత నూలు చీరలతో తనే కుట్టుకున్న బొంత. చలి బాగా ఉంది. అద్దాలు ఒక వేలు సందు వదిలి మూశాను. అమ్మ ఒకవైపు, నేను ఒకవైపు. రాత్రి ఎప్పుడో లేచి మాత్ర వేసుకుంది. తల కప్పుకి తగల్లేదు.

తెల్లారుతుండగా ఎవరో టెంపో స్టార్టు చేసిన చప్పుడుకి మెలకువ వచ్చింది. చూస్తే అమ్మ నాకంటే ముందే లేచి కూర్చుని ఉంది, బొంత నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుని. నేను కిందకి దిగి పక్క ఎత్తి సీటు నిలబెట్టాను. తనే జరిగి కూర్చుంది. బొంతని నడుం వెనక సర్దుకుంది. బెల్టు లాక్కుని, చీర కుచ్చిళ్ళు కిందకి సర్ది, కొక్కెం టక్కుమనేదాకా నొక్కింది.

"గేటు తీస్తున్నారు, చూడు. పోనీ" అంది.